ఎండు తెగులుకు తట్టుకునే వేపను ఎంచి పెంచడం ఎలా?

వానలు వెనకపట్టిన రోజుల్లో గుంటూరు నుంచి అమరావతి వెళ్లే దారిలోనో, విజయవాడలో ఏలూరు కాలవ గట్టు వెంటో వెళ్తూ వేపచెట్ల తలలు చూడండి. పచ్చగా ఉండాల్సిన కొమ్మల చివర్లు మాడి గోధుమరంగుకు తిరిగి ఉంటాయి. అదే ఎండు తెగులు. మొదట లేత రెమ్మ కొస వాడుతుంది, ఆ ఎండు మెల్లగా కిందికి దిగుతుంది. పూత మీద సోకితే పూత మాడుతుంది, కాయ మీద సోకితే కాయ కుళ్లుతుంది. 2021లో వానాకాలం వెళ్లాక తెలుగు రాష్ట్రాల్లో ఊరూరా వేపలు ఇలా మాడటం చూసి జనం హడలిపోయారు. వేప అంతరించిపోతుందేమోనని కూడా అనుకున్నారు.

అలా మాడిన వరుసలోనే ఒక్కోచోట ఒక చెట్టు పచ్చగా నిలబడి ఉంటుంది. పక్క చెట్టు ఎండుకొమ్మలు దాని కొమ్మల్లోకి చొచ్చుకుని ఉన్నా దానికేమీ కాదు. మనకు కావలసింది ఆ చెట్టే. దాన్ని గుర్తించడం, నిజంగా తట్టుకుంటోందో లేదో తేల్చుకోవడం, దాని సంతానాన్ని పెంచి ఊళ్లో నాటడం ఒక రైతుకు, ఒక చిన్న నర్సరీకి, ఒక కాలేజీ వృక్షశాస్త్ర విభాగానికి, లేదా నలుగురు ఒక మాట మీదున్న కాలనీ సంఘానికి చేతనయ్యే పనే. చెట్లను తేల్చుకోవడానికే నాలుగైదేళ్లు పడుతుంది, విత్తన తోట కాపుకు వచ్చేదాకా ఇంకో మూడు నుంచి ఐదేళ్లు. మందు కొట్టి మీ వాకిట్లో చెట్టును ఈ ఏటికి కాపాడుకోవచ్చు. రోడ్ల వెంట, చెరువు గట్ల మీద, పొలం గట్ల మీద ఉన్న చెట్లకు ఏటా ఎవరు కొడతారు? వాటి చోట మెల్లగా తట్టుకునే చెట్లను తెచ్చుకోవడం ఒక్కటే నాకు కనిపిస్తున్న దారి.

ఈ దారి కొత్తదేమీ కాదు. యూరప్, అమెరికా ఊళ్లలో మనకు వేప ఎలాగో వాళ్లకు ఎల్మ్ అలాగ, వీధి వీధినా నీడనిచ్చే చెట్టు. మన అడవుల్లో దొరికే నెమలినార కూడా ఆ కుటుంబంలోదే. వందేళ్ల కిందట ఒక శిలీంధ్రం, బెరడు తొలిచే చిన్న పెంకు పురుగుల మీదెక్కి చెట్టు నుంచి చెట్టుకు పాకి, నీళ్లు మోసే నాళాలు మూసుకుపోయేలా చేసి ఎల్మ్‌లను నిలువునా ఎండబెట్టింది. 1920ల్లో నెదర్లాండ్స్‌లో బీ ష్వార్జ్, క్రిస్టీన్ బౌస్మన్ అనే ఇద్దరు మహిళలు ఆ శిలీంధ్రమే కారణమని తేల్చారు. అక్కడి శాస్త్రవేత్తలు అంతటితో ఆగలేదు. వేల మొలకలు పెంచి, ప్రతి మొక్కకూ తెగులును చేతులారా ఎక్కించి, నిలబడినవాటిని ఏరుకుంటూ పోయారు. ఆ పని దశాబ్దాల తరబడి సాగింది. వాళ్లు నేర్చుకున్నదీ, దెబ్బతిన్నదీ రెండూ మన వేప పనికి వస్తాయి. కింది పద్ధతి చాలావరకు వాళ్ల దారినే మన కార్తెలకు, మన నేలకు సర్దుకున్నది.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా: తల్లి చెట్ల కోసం తిరగడం

వేసవిలో వెతకొద్దు. ఫిబ్రవరి, మార్చిల్లో వేప ఆకు రాల్చి కొత్త చిగురు వేస్తుంది, ఉగాది నాటికి ప్రతి చెట్టూ పెళ్లికూతురిలా కనిపిస్తుంది. తెగులు వానలతో మొదలై, వానాకాలం చివరికి ముదిరి, చలి రోజుల దాకా కనిపిస్తుంది. కాబట్టి దసరా నుంచి ధనుర్మాసం దాకా తిరగండి. ఆ మూడు నెలల్లో ఏ చెట్టు ఏమిటో దాచుకోలేదు.

పచ్చగా ఉన్న చెట్టు కనపడగానే సంబరపడకండి. తెగులు దాని దాకా రాక పచ్చగా ఉండొచ్చు. పొలం మధ్య ఒంటరిగా ఉన్న చెట్టుకు, చుట్టూ మేడలున్న పెరటి చెట్టుకు ఆ అదృష్టం ఎక్కువ. అందుకని ఒక షరతు పెట్టుకోండి: పది పదిహేను మీటర్ల లోపు బాగా మాడిన వేప ఒకటైనా ఉండాలి. మాడిన చెట్టు పక్కన, అదే వానలో తడిసి, అదే గాలి తగిలి పచ్చగా ఉన్న చెట్టే లెక్కలోకి వస్తుంది. ఎవరైనా మందు కొట్టిన చెట్టు, కరెంటు తీగల కోసం ఆ ఏడాదే కొమ్మలు నరికిన చెట్టు వద్దు. రెండూ మిమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి.

తరవాత అడగడం. చెట్టు చరిత్ర దాని కింద బతికేవాళ్లకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. చెట్టు కింద టీ బండి పెట్టుకున్నవాళ్లు, నీడలో కూర్చుని మిరపకాయల తొడిమలు తీసేవాళ్లు, అరుగు మీద పేపరు చదివే పెద్దాయన, వీళ్లే మన సాక్షులు. "బాబాయ్, పోయినేడు కార్తీకంలో ఈ చెట్టు మాడిందా? అవతలిదా?" అని అడగండి. "అవతలిదే, రెండేళ్ల నుంచీ అంతే. ఇది మాత్రం చెక్కు చెదర్లేదు" అన్నారంటే ఆ మాట తేదీతో సహా రాసుకోండి. ఒక్క ఏడాది పచ్చదనం కన్నా ఈ సాక్ష్యం విలువైనది. వరసగా రెండు సీజన్లు మీరే కళ్లారా చూడగలిగితే మరీ మంచిది.

చెట్టు అందం చూసి ఎంచకండి. అమెరికాలో ప్రిన్స్‌టన్ అనే ఎల్మ్ రకాన్ని 1922లో దాని ఆకారం బాగుందనే ఎంచి అమ్మారు. తెగులును అది బాగా తట్టుకుంటుందని చాలా ఏళ్ల తరవాత పరీక్షల్లో తేలింది. అందానికీ తట్టుకునే గుణానికీ సంబంధం లేదు. ఒకదానిలో రెండూ కలిస్తే అది మన భాగ్యం. వంకర మానుది, పొట్టిది కూడా రాసుకోండి. ఆకారాన్ని తరవాతి తరంలో ఏరుకోవచ్చు.

ఎన్ని చెట్లు కావాలి? పదిహేను, ఇరవైకి తగ్గకుండా, వీలైనంత దూరదూరం ఊళ్ల నుంచి. ఒక్క మంగళగిరి కొండ పక్కనే పదిహేనూ ఏరకండి. తాడికొండలో రెండు, కొండవీడు వైపు మూడు, తెనాలి కాలవల మీద రెండు, కృష్ణ అవతల కొండపల్లి వైపు నాలుగు, ఇలా ఉండాలి. ప్రతి చెట్టుకూ ఒక నంబరు, ఛాతీ ఎత్తులో మాను చుట్టుకొలత, ఫోన్‌లో లొకేషను, పక్క చెట్టు పరిస్థితి, నాలుగు వైపుల నుంచి ఫొటోలు. పోలేరమ్మ గుడి వేపకో, రావితో పెళ్లి చేసిన వేపకో చేయి వేసేముందు ఊరి పెద్దల్ని, పూజ చేసే అమ్మను అడగండి. విషయం చెబితే కాదనేవాళ్లు అరుదు. కొన్నిచోట్ల వాళ్లే కొమ్మ వంచి ఇస్తారు.

తెగులా, టీ దోమా?

ఈ మెట్టును చాలామంది దాటేస్తారు, దాటకూడదు. వేప రెమ్మలు ఎండటానికి ఇద్దరు కారకులున్నారు. ఒకటి ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం. దీన్ని 1997లో కర్ణాటక శాస్త్రవేత్తలు గుర్తించి పేరు పెట్టారు. రెండోది జీడిమామిడి రైతులకు బాగా తెలిసిన టీ దోమ. పేరుకు దోమే గానీ అది రసం పీల్చే నల్లి జాతి పురుగు. అది లేత రెమ్మలో సూది లాంటి నోరు దించి రసం పీలుస్తుంది. ఆ గాయాల్లోంచి శిలీంధ్రం లోపలికి పోతుంది. చాలా చెట్ల మీద ఇద్దరూ కలిసే ఉంటారు.

ఒక చేతి భూతద్దం, పదునైన బ్లేడు పట్టుకెళ్లండి. ఎండిన రెమ్మను పచ్చి భాగం ఒక జానెడు కలిసేలా కోయండి. ఎండిన బెరడు మీద గసగసాల కన్నా చిన్న నల్లటి చుక్కలు, వేలితో రాస్తే గరుకుగా తగిలేవి, గుంపులు గుంపులుగా ఉన్నాయా చూడండి. శిలీంధ్ర బీజాలు తయారయ్యే గూళ్లు అవే. వాన చినుకు పడ్డప్పుడు బీజాలు వాటిలోంచి బయటికొచ్చి నీటితో పాటు చిట్లి పక్క రెమ్మల మీద పడతాయి. ఇప్పుడు ఎండు, పచ్చి కలిసే చోట బెరడును పైపైన చెక్కండి. లోపల గోధుమరంగు చార పచ్చి భాగంలోకి కిందికి పాకి కనిపిస్తే తెగులు ఇంకా నడుస్తున్నట్టు. గోధుమరంగు గీత గీసినట్టు ఒకచోట ఆగి, దాని కింద కొత్త బెరడు ఉబ్బి ఉంటే ఆ చెట్టు తెగులును అక్కడే అడ్డుకుంది. రెండో రకం చెట్టు దొరికితే నోట్‌బుక్కులో పెద్ద అక్షరాలతో రాసుకోండి. ఒక్క రెమ్మ కూడా ఎండని చెట్టు కన్నా, ఎండి ఆగిన చెట్టు మీద నాకు నమ్మకం ఎక్కువ. తెగులు దాన్ని ముట్టుకున్నదని, అది తిప్పికొట్టిందని మనకు రుజువు ఉంది.

టీ దోమను పొద్దున్నే గానీ, ఎండ తగ్గాక గానీ వెతకండి. సన్నటి పొడుగు కాళ్లతో ఉంటుంది, వీపు మీద గుండుసూదిని నిలబెట్టినట్టు ఒక చిన్న ముల్లు, దాని కొసన బుడిపె. ఆ గుర్తు చూశాక ఇంక మర్చిపోరు. అది కుట్టిన చోట లేత కాడ మీద నీటి మచ్చ పడి నల్లబడుతుంది, ఒక్కోసారి జిగురు కారుతుంది. ఏ చెట్టు మీద ఏది ఎక్కువో వేరువేరుగా రాసుకోండి. ఒక శత్రువును తట్టుకున్న చెట్టు ఇంకోదాన్నీ తట్టుకుంటుందని లేదు. డచ్చివాళ్లు 1930ల్లో ఎల్మ్ తెగులును తట్టుకునే మొదటి రకానికి బౌస్మన్ గారి పేరే పెట్టి ఇచ్చారు. అది ఎల్మ్ తెగులుకు నిలబడింది గానీ, కొమ్మల్ని ఎండబెట్టే వేరే శిలీంధ్రానికి లొంగిపోయి, చివరికి దాన్ని నాటడం మానుకోవాల్సి వచ్చింది.

మృగశిర, ఆరుద్ర కార్తెలు: పండ్లు, గింజలు

మన దగ్గర వేప పండ్లు జూన్, జులైల్లో చేతికొస్తాయి. చెట్టు మీద పసుపు తిరిగిన పండ్లనే కోయండి. కింద రాలినవాటిని, పక్షులు తిని వదిలిన గింజలను ఏరకండి. పక్క చెట్టువి కలిసిపోతాయి, మట్టిలోని బూజు కూడా అంటుకుంటుంది. ఈ తెగులు గింజతో పాటు వస్తుంది కాబట్టి మచ్చలున్న కాయ, వడిలిన కాయ, తొడిమ దగ్గర నల్లబడిన కాయ ఎంత మంచి తల్లిదైనా పారేయండి. ఒక్కో తల్లికి ఒక్కో సంచి, సంచిలో ఒక చీటీ, సంచి పైన అదే నంబరు.

అదే రోజు గుజ్జు తీసేయాలి. బకెట్లో నీళ్లు పోసి చేత్తో పిసికితే తొక్క, గుజ్జు ఊడి వస్తాయి. ఇసుకతో రుద్దితే గింజకు పట్టిన జిగురు కూడా పోతుంది. నీళ్లలో తేలిన గింజలు తాలు, వంచేయండి. మునిగినవాటిని నీడలో, గాలి తగిలేచోట గోనె పట్టా మీద పలచగా రెండు మూడు రోజులు ఆరనివ్వండి. ఎండలో వద్దు. ప్లాస్టిక్ కవర్లో మూట కట్టడం అసలు వద్దు, రెండు రోజుల్లో ఉడికిపోతాయి. వేప గింజకు ఆయుష్షు తక్కువ. రెండు వారాల లోపు విత్తుకోండి, నెల దాటితే మొలిచేవి బాగా తగ్గిపోతాయి.

సంచుల్లోకి ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. మన నల్లరేగడి ఒక్కటే నింపితే వానకు గట్టిపడి వేరు ఊపిరాడక చస్తుంది. గింజను అడ్డంగా పడుకోబెట్టి, ఒక సెంటీమీటరు మట్టి కప్పండి. వారం పది రోజుల నుంచి మూడు వారాల దాకా మొలుస్తూనే ఉంటాయి. మొలకలు నాలుగాకులు వేసేదాకా షేడ్‌నెట్ కింద ఉంచి, తరవాత మెల్లగా ఎండకు అలవాటు చేయండి. తల్లికి యాభై మొక్కలు ఉండేలా చూసుకోండి. వీటితో పాటు బాగా మాడే చెట్టు ఒకదాని గింజలు కూడా యాభై మొలిపించండి. అవి ఎందుకో ముందు ముందు తెలుస్తుంది. మొదటి వానాకాలం అంతా ఈ నారును తెగులున్న వేపలకు దూరంగా ఉంచండి. మొక్క ముందు బలపడాలి.

రెండో వానాకాలం: పరీక్ష

మొత్తం పనికి ప్రాణం ఇదే. దీన్ని సరిగ్గా చేస్తే మిగతాది ఓపిక మాత్రమే. దీన్ని తప్పుగా చేస్తే, మంచి నర్సరీలో పెరిగిన మామూలు వేపల్ని మంచి పేరు పెట్టి ఊరంతా పంచినవాళ్లమవుతాం.

ఎల్మ్ వాళ్లు శిలీంధ్రాన్ని ప్రయోగశాలలో పెంచి, కాండానికి గాటు పెట్టి బీజాలున్న నీటి చుక్కను ఎక్కిస్తారు. దగ్గర్లోని వ్యవసాయ కళాశాల మొక్కల తెగుళ్ల విభాగం సాయం దొరికితే మీరూ అలాగే చేయించుకోండి. గుంటూరు వాళ్లకు లాం ఫారం అనే వ్యవసాయ పరిశోధన కేంద్రం దగ్గర్లోనే ఉంది, వెళ్లి మాట్లాడండి. ఆ వసతి లేకపోయినా పని ఆగదు. తెగుళ్లను తట్టుకునే పంట రకాల కోసం పరిశోధన క్షేత్రాల్లో ఒక పద్ధతి ఉంది: తెగులు తొందరగా సోకే రకాన్ని మధ్యమధ్య వరసల్లో వేసి, దాని నుంచి మిగతావాటికి తెగులు పాకనిస్తారు. మనకు ఆ పని మాడిన వేపే చేసిపెడుతుంది.

ఏడాది వయసు, రెండు మూడడుగుల ఎత్తు వచ్చిన మొక్కలను జూన్ చివర్లో బాగా మాడే వేప కొమ్మల కిందికి చేర్చండి. చెట్టు యజమాని ఆ ఏడాది దానికి మందు కొట్టనని ఒప్పుకోవాలి. పైన పందిరిలా తీగలు లాగి, నల్ల చుక్కలున్న ఎండు రెమ్మలను కట్టలుగా వేలాడదీయండి. వాన పడ్డప్పుడల్లా ఆ రెమ్మల మీంచి జారిన నీళ్లు మొక్కల మీద పడతాయి. మధ్యలో వాన ముఖం చాటేస్తే సాయంత్రాలు ఆ కట్టల మీంచే నీళ్లు చల్లండి. రాత్రంతా ఆకు తడిగా ఉండటం తెగులుకు ఇష్టం. ఇక్కడ మనం తెగులు పక్షాన ఉండాలి, మనసు ఒప్పుకోకపోయినా సరే.

ఒక్కో తల్లికి ముప్పై మొక్కలు పెట్టండి, మాడే చెట్టు పిల్లలు కూడా ముప్పై. తల్లుల వారీగా గుంపులు పెట్టకండి. మధ్యలో ఉన్నవాటికి నీళ్లు ఎక్కువ, అంచున ఉన్నవాటికి ఎండ ఎక్కువ పడుతుంది, ఆ తేడాను మనం వంశం గుణం అనుకుంటాం. చీటీలు తీసి ఏది ఎక్కడో కలగలిపి పెట్టండి. సంచి మీద తల్లి పేరు కాకుండా వట్టి వరస నంబరు వేసి, ఏ నంబరు ఏ తల్లిదో వేరే పుస్తకంలో రాసి పక్కన పెట్టండి. లెక్క రాసే మనిషికి ఏ మొక్క ఎవరి బిడ్డో తెలియకూడదు. మనకిష్టమైన చెట్టు పిల్ల రెండాకులు ఎండినా కన్ను పట్టించుకోదు, మనిషి స్వభావం అది.

వీలుంటే మొక్కల్లో సగాన్ని సన్నని నైలాను వల కింద ఉంచండి. వాన నీళ్లు, బీజాలు దిగుతాయి గానీ టీ దోమ దూరదు. వల లోపల నిలబడి బయట మాడిన కుటుంబం శిలీంధ్రాన్ని తట్టుకుంటుంది, పురుగును కాదు. ఈ ఒక్క వల చాలా అయోమయాన్ని తీరుస్తుంది.

జులై నుంచి డిసెంబరు దాకా పదిహేను రోజులకోసారి కొలవండి. కొస నుంచి ఎంత దూరం ఎండిందో స్కేలు పెట్టి సెంటీమీటర్లలో, మొక్క మొత్తం ఎత్తు పక్కన రాయండి. "కొంచెం మాడింది", "బాగానే ఉంది" లాంటి మాటలు మూడు నెలల తరవాత ఎందుకూ పనికిరావు. ఎండు ఎక్కడ ఆగిందో, దాని కింద నుంచి కొత్త చిగురు వేసిందో లేదో కూడా రాయండి. తట్టుకునే ఎల్మ్‌లకూ తెగులు అసలు సోకదని కాదు. కొన్ని కొమ్మలు వాడి, తరవాత తేరుకుంటాయి. వేపలోనూ అలా తేరుకున్న మొక్కను తీసిపారేయకండి.

సంక్రాంతికి ముందు ఆ రెండో పుస్తకం తెరిచి నంబర్లు కలపండి. ముందు మాడే చెట్టు పిల్లల సంగతి చూడాలి. అవి కూడా హాయిగా ఉన్నాయంటే ఆ ఏడాది తెగులే సరిగా రాలేదు, మన మంచి మొక్కల గురించి ఏమీ తేలలేదు. నిరాశ పడకుండా వచ్చే వానాకాలం మళ్లీ పెట్టండి. వాటిలో ఎక్కువ భాగం బాగా మాడి, ఒక తల్లి పిల్లల్లో మాత్రం కొద్దిగానే మాడితే ఆ గుణం తల్లి నుంచి దిగుతోందన్నమాట. అన్నీ ఒకేలా ఉండవని ముందే తెలుసుకోండి. వేప పూలకు తేనెటీగలు, ఇతర పురుగులు పరాగ సంపర్కం చేస్తాయి. తల్లి మనకు తెలుసు, తండ్రి ఏ మాడే చెట్టో కావచ్చు. అందుకే మంచి కుటుంబాన్ని ఎంచాక, ఆ కుటుంబంలో మంచి మొక్కలను మళ్లీ ఎంచుకోవాలి. మిగిలినవాటిని ఇంకో వానాకాలం అదే పందిరి కింద పెట్టి చూస్తే ఫలితం గట్టిపడుతుంది.

పరీక్ష అయ్యాక పందిరి కట్టలను, ఎండిన మొక్కలను అక్కడే తగలబెట్టండి. రైతుబజారు చెత్తలోకో, కాలవ గట్టు మీదికో విసరొద్దు.

అంటు కట్టడం

తల్లి చెట్టు గుణం అచ్చంగా కావాలంటే గింజతో రాదు, అంటు కట్టాలి. పెన్సిలు మందం వచ్చిన ఏడాది వేప మొక్క వేరుమూలంగా, అంటే అంటుకు అడుగు మొక్కగా, సరిపోతుంది. ఫిబ్రవరి నెలలో, చెట్టు కొత్త చిగురు వేయబోయే ముందు, మొగ్గలు ఉబ్బుతున్న కిందటేడు రెమ్మలను కోసుకోండి. జానెడు పొడవు ముక్కలు చాలు, ఆకులు తుంచేయండి. వేరుమూలాన్ని నేల నుంచి జానెడు ఎత్తులో అడ్డంగా కోసి, మధ్యకు అంగుళం పైన చీల్చండి. రెమ్మ అడుగును రెండు పక్కలా ఏటవాలుగా చెక్కి ఆ చీలికలోకి దించండి. రెండింటి బెరడు కనీసం ఒక పక్కనైనా కచ్చితంగా కలవాలి, అతుకు అక్కడి నుంచే పడుతుంది. పాలిథీన్ పట్టీతో బిగించి, పైన ఐసు పుల్ల కవరు లాంటి సన్నని గొట్టం తొడిగి కింద ముడి వేయండి. నీడలో ఉంచితే మూడు నాలుగు వారాల్లో చిగురు కనపడుతుంది. చిగురు విచ్చుకున్నాక గొట్టం తీసేయండి. వేరుమూలం నుంచి వచ్చే చిగుళ్లను ఎప్పటికప్పుడు గిల్లేయాలి, లేకపోతే మంచిది చచ్చి మామూలు వేప మిగులుతుంది.

ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు వెళ్లేటప్పుడు కత్తిని స్పిరిట్‌తో తుడవండి. ప్రతిసారీ.

ఈ అంట్లను కూడా వచ్చే వానాకాలం పందిరి కింద పెట్టండి. తల్లి పచ్చగా ఉండి అంటు మాడిందంటే తల్లిది అదృష్టమే, ఆ నంబరు కొట్టేయండి. ఎన్ని కొట్టివేతలు పడితే జాబితా అంత నమ్మకమైనది.

నాటడం: ఒక్క చెట్టు మీద మోజు వద్దు

అన్నిటికన్నా గట్టిగా నిలబడిన ఒక్క అంటునే వేలకొద్దీ చేసి ఊరంతా నాటాలని మనసు లాగుతుంది. అలా చేయకండి. ఇంగ్లండ్‌లో ఊళ్ల నిండా ఉండిన ఎల్మ్‌లు నిజానికి రోమన్ల కాలంలో తెచ్చిన ఒకే ఒక్క చెట్టు పిలకలని 2004లో స్పెయిన్ శాస్త్రవేత్తలు జన్యు పరీక్షలతో తేల్చారు. 1970ల్లో ఎల్మ్ తెగులు మరింత ఉధృతమైన కొత్త రూపంలో వచ్చినప్పుడు బ్రిటన్‌లో రెండున్నర కోట్లకు పైగా ఎల్మ్‌లు పోయాయి. ఒక చెట్టును చంపగలిగినది అన్నిటినీ చంపగలిగింది. అంతకు ముందు తెగులుకు నిలబడ్డాయనుకున్న డచ్ రకాలు కొన్ని కూడా ఆ కొత్త రూపానికి తలవంచాయి. డచ్చివాళ్లు అప్పటికే మన హిమాలయాల్లో పెరిగే ఎల్మ్‌ను తమవాటితో సంకరం చేసి ఉన్నారు. 1973లో వచ్చిన లోబెల్, డోడోయెన్స్, ప్లాంటిన్ రకాల్లో ఆ కొండ చెట్టు అంశ ఉంది. కాశ్మీరు, హిమాచల్ ఊళ్లలో పశువుల మేతకు కొమ్మలు నరికే చెట్టు, ఎక్కడో యూరప్ వీధుల్ని కాపాడటానికి పనికొచ్చింది. దూరదూరం ఊళ్ల నుంచి తల్లులను తెమ్మన్నది ఇందుకే. ఏ మూల చెట్టులో ఏ గుణం దాగి ఉందో ఈ రోజు మనకు తెలియదు.

పరీక్షలో నిలిచిన తల్లులన్నిటి అంట్లతో ఒక విత్తన తోట పెట్టండి. అరెకరం చాలు. ఐదేసి మీటర్ల ఎడం, ఒకే తల్లి అంట్లు పక్కపక్కన పడకుండా. చుట్టుపక్కల మాడే వేపలు ఎంత తక్కువుంటే అంత మంచిది. వాటి పుప్పొడి ఎలాగూ కొంత వస్తుంది కాబట్టి అంచు వరసల గింజలు వదిలేసి లోపలి వరసల గింజలే తీయండి. వేప మామూలుగా మూడు నుంచి ఐదేళ్లకు కాపు మొదలుపెడుతుంది. ఈసారి తల్లీ తండ్రీ ఇద్దరూ తట్టుకునేవే అయ్యే అవకాశం ఎక్కువ. ఊళ్లకు పంచాల్సింది ఈ గింజల మొక్కలనే, ఒక్కటీ ఇంకోదానిలా ఉండదు. అంట్లను వీధుల్లో నాటాల్సి వస్తే ఒకే తల్లివి వరసగా ఐదుకు మించి పెట్టొద్దని నా అభిప్రాయం.

గొయ్యి ఒకటిన్నర అడుగు లోతు, అంతే వెడల్పు. నల్లరేగడిలో అయితే గొయ్యి కన్నా దిబ్బ ముఖ్యం. చుట్టూ నేల కన్నా అడుగు ఎత్తు మట్టి పోసి దాని మీద నాటండి, వేప నీళ్లలో నిలబడలేదు. తొలకరి రెండు మంచి వానలు పడ్డాక నాటితే చలికాలానికి వేరు దిగుతుంది. మొదటి వేసవి మాత్రం వారానికోసారి రెండు బిందెల నీళ్లు పోయాలి, మన రోహిణి ఎండలకు ఏ జన్యుగుణమూ అడ్డం రాదు. మేకలకు అందకుండా కంచె కట్టండి.

ఈలోగా ఉన్న చెట్లను ఏం చేయాలి

మాడిందని నరకొద్దు. చాలా వేపలు ఎండు రెమ్మలు వదిలించుకుని మళ్లీ చిగురిస్తాయి. పైగా నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన వాల్టా చట్టం కింద అనుమతి లేకుండా చెట్టు కొట్టకూడదు. పొడి వాతావరణం ఉన్న రోజున, ఎండు ఆగిన చోటికి జానెడు కిందికి కోసి, కోత మీద మైలుతుత్తం, సున్నం కలిపిన బోర్డో పేస్టు పూయండి, కోసినవి కాల్చేయండి. మందు కొట్టక తప్పకపోతే వ్యవసాయ అధికారి చెప్పిన మోతాదులో వానాకాలంలోనే కొట్టించండి. పూత రోజుల్లో వద్దు. ఉగాది పచ్చడికి పూత కోసుకోవడానికి ఎవరెవరో వస్తారు, తేనెటీగలూ అప్పుడే వాలతాయి. ఏ నెలలోనైనా మందు కొట్టిన చెట్టుకు ఆ సంగతి రాసిన అట్ట కట్టండి. తల్లి చెట్ల కోసం తిరిగే ఇంకొకరికి కూడా ఆ అట్ట ఉపయోగపడుతుంది.

విత్తన తోటలోని చెట్లకు మాత్రం మందు కొట్టొద్దు. ఏటా దీపావళి తరవాత ఒకసారి భూతద్దంతో చుట్టి రండి. ఏ చెట్టయినా వరసగా రెండేళ్లు బాగా మాడితే దాని గింజలు ఇక తీయకుండా, ఆ చోటులో కొత్త ఊరి నుంచి తెచ్చిన తల్లి అంటును పెట్టండి.